జంతువుల చర్మాన్ని పోలిన ఉపరితలం కారుకు గాలి నిరోధాన్ని తగ్గిస్తుందా? తరచుగా అడిగే ప్రశ్నలు

సొరచేప చర్మం, తిమింగలం రెక్క అంచు, గుడ్లగూబ ఈక, వీటికి తోడు గోల్ఫ్ బంతి మీది గుంటలు. వీటిలో ఏదో ఒకటి చూపించి కారు మైలేజీ అమాంతం పెరుగుతుందని చెప్పే కథనాలు తరచుగా మన కంట పడుతుంటాయి. వాటి వెనుక ఉన్న శాస్త్రం నిజమైనదే, ఎందరో పరిశోధకులు ఏళ్ల తరబడి శ్రమించి తేల్చినదే. అయితే ఆ శాస్త్రం ఎక్కడ పనిచేస్తుందో, ఎక్కడ పనిచేయదో విచారించకుండా దానిని నేరుగా కారుకు అంటగట్టడం సరికాదు. ఈ విషయమై పాఠకులు ఎక్కువగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ వివరంగా సమాధానాలు ఇస్తున్నాము.

సూటిగా చెప్పండి: ఇలాంటి ఉపరితలం వల్ల కారుకు లాభం ఉందా?

చర్మం మీది సన్నని గీతలను అనుకరించే ఫిల్మ్ వల్ల సాధారణ కారుకు కలిగే లాభం వెయ్యింటికి రెండు మూడు వంతులకు మించదు. రోడ్డు మీద దానిని కొలవడం కూడా కష్టం. జంతువుల నుంచి కారు నేర్చుకోవలసింది చర్మం గురించి కాదు, శరీర ఆకృతి గురించి, ముఖ్యంగా శరీరం వెనుక భాగాన గాలి లేదా నీరు ఎలా విడిపోతుందన్న దాని గురించి.

కారు మీద గాలి నిరోధం ఎలా పుడుతుంది?

ఇది అర్థమైతే మిగిలిన ప్రశ్నలన్నీ తేలికపడతాయి కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం.

కదిలే వస్తువును గాలి రెండు విధాలుగా అడ్డుకుంటుంది. గాలి పొరలు ఉపరితలాన్ని రాసుకుంటూ పోవడం వల్ల పుట్టేది ఘర్షణ నిరోధం. వస్తువు ముందు భాగంలో పీడనం ఎక్కువగానూ, వెనుక భాగంలో తక్కువగానూ ఉండటం వల్ల పుట్టేది పీడన నిరోధం. విమానం ఒళ్లు సన్నగా, పొడవుగా, తోక వైపు క్రమంగా సన్నబడుతూ ఉంటుంది. అందువల్ల గాలి చివరి దాకా దానిని అంటిపెట్టుకునే సాగుతుంది, మొత్తం నిరోధంలో దాదాపు సగం ఘర్షణ వల్లే వస్తుంది. కారు సంగతి వేరు. పొట్టిగా ఉండి, వెనుక ఒక్కసారిగా తెగిపోయినట్టు ముగుస్తుంది. పైకప్పు అంచు దాటిన గాలి ఒంటిని వదిలిపెట్టి విడిపోతుంది, దాని వెనుక సుడులు తిరిగే అల్పపీడన ప్రాంతం ఏర్పడి కారును వెనక్కి లాగుతూ ఉంటుంది. దీనికి తోడు చక్రాలు, చక్రాల గూళ్లు, ఎగుడుదిగుడుగా ఉండే అడుగు భాగం, రేడియేటర్ గుండా పోయే గాలి, అద్దాలు అన్నీ తమ వంతు నిరోధాన్ని చేరుస్తాయి. ఇవన్నీ కలిపిన తరువాత కారు మొత్తం నిరోధంలో ఘర్షణ వాటా స్థూలంగా పదో వంతు మాత్రమే.

ఆ సుడుల ప్రాంతాన్ని చూడటానికి ప్రయోగశాల అవసరం లేదు. వానాకాలంలో జాతీయ రహదారి మీద వంద కిలోమీటర్లు నడిచి వచ్చిన హ్యాచ్‌బ్యాక్ కారును పరిశీలించండి. పక్క తలుపుల పై భాగం, పైకప్పు చాలావరకు శుభ్రంగానే ఉంటాయి. వెనుక అద్దం, నంబరు ప్లేటు మాత్రం బురద తుంపరలతో నిండిపోయి ఉంటాయి. టైర్లు చిమ్మిన తుంపరను వెనుక సుడులు పైకి లాగి ఆ అద్దానికి కొట్టడం వల్లే అలా జరుగుతుంది. హ్యాచ్‌బ్యాక్‌ల వెనుక అద్దానికి వైపర్ పెట్టడానికి కారణం ఇదే. కారును వెనక్కి లాగే బలంలో పెద్ద భాగం కూడా అక్కడే పుడుతుంది.

సొరచేప చర్మం నిజంగా నిరోధాన్ని తగ్గిస్తుందా? ఎలా?

వేగంగా ఈదే సొరచేపల చర్మం మీద కంటికి ఆనని పొలుసులు ఉంటాయి. ఒక్కొక్క పొలుసు మీద తల నుంచి తోక వైపు సాగే సన్నని గట్లు ఉంటాయి, ఆ గట్ల మధ్య దూరం చాలాసార్లు 0.1 మి.మీ. కన్నా తక్కువే. జర్మనీకి చెందిన జీవాశ్మ శాస్త్రవేత్త వోల్ఫ్-ఎర్నెస్ట్ రైఫ్ ఈ పొలుసులను లోతుగా పరిశీలించారు. అదే కాలంలో అమెరికాలోని నాసా లాంగ్లీ కేంద్రంలో మైఖేల్ వాల్ష్ గాలి ప్రవాహంలో గాళ్లు (గట్ల మధ్య సన్నని పల్లాలు) పెట్టిన పలకలను పరీక్షించి నిరోధం తగ్గుతుందని చూపారు. ఇలాంటి గాళ్లనే రిబ్లెట్లు అంటారు.

ఉపరితలానికి ఆనుకుని ఉన్న పల్చని పొరలో ప్రవాహం అల్లకల్లోలంగా ఉన్నప్పుడు, ప్రవాహ దిశలోనే సాగే చిన్న చిన్న సుడులు అడ్డంగా కదులుతూ వేగంగా పోయే నీటిని లేదా గాలిని ఉపరితలం వైపు తెచ్చి కొడుతుంటాయి. ఘర్షణ పెరిగేది అందువల్లే. గట్లు సరైన దూరంలో ఉంటే ఆ సుడులు గాళ్ల లోపలికి దిగలేవు, గట్ల కొనలకే పరిమితమవుతాయి. గాళ్ల అడుగున ప్రవాహం నెమ్మదిగా, ప్రశాంతంగా ఉంటుంది. దీనివల్ల ప్రవాహానికి తగిలే వైశాల్యం పెరిగినా మొత్తం ఘర్షణ తగ్గుతుంది. బెర్లిన్‌లో డీట్రిచ్ బెకెర్ట్ బృందం 1990లలో అతి పల్చని పలకలతో చేసిన రిబ్లెట్లతో ప్రయోగశాలలో దాదాపు 10 శాతం తగ్గుదల సాధించింది. అది ఘర్షణలో 10 శాతమే తప్ప మొత్తం నిరోధంలో కాదన్న తేడాను కథనాలు తరచుగా విస్మరిస్తాయి.

మన దేశంలోనూ దీనిపై గట్టి కృషి జరిగింది. బెంగళూరులోని నేషనల్ ఏరోస్పేస్ లేబరేటరీస్‌లో పి. ఆర్. విశ్వనాథ్ విమానాలకు రిబ్లెట్ల వాడకంపై 2002లో ప్రచురించిన సమీక్షా వ్యాసం ఈ రంగంలో పనిచేసేవారు తప్పక చదవవలసినది.

విమానాలపై, పడవలపై దీనిని వాడుతున్నారా?

వాడుతున్నారు. ఆస్ట్రేలియాలోని ఫ్రీమాంటిల్‌లో 1987లో జరిగిన అమెరికాస్ కప్ పోటీలో నెగ్గిన స్టార్స్ అండ్ స్ట్రైప్స్ పడవ అడుగు భాగానికి 3ఎమ్ సంస్థ తయారు చేసిన రిబ్లెట్ ఫిల్మ్ అతికించారు. 1989లో ఎయిర్‌బస్ ఎ320 విమానం ఉపరితలంలో సుమారు 70 శాతం మేర అలాంటి ఫిల్మ్ అతికించి పరీక్షించారు, లాభం రెండు శాతం లోపే వచ్చింది. ఇటీవల విమానాల నిర్వహణ సంస్థ లుఫ్తాన్సా టెక్నిక్, రసాయన సంస్థ బీఏఎస్ఎఫ్ కలిసి రూపొందించిన ఏరోషార్క్ ఫిల్మ్‌ను స్విస్ విమానయాన సంస్థ 2022లో మొదలుపెట్టి తన బోయింగ్ 777-300ఇఆర్ విమానాలకు అతికించింది. దానిలోని గట్లు 50 మైక్రోమీటర్ల (0.05 మి.మీ.) స్థాయిలో ఉంటాయి, ఇంధనం ఆదా దాదాపు ఒక శాతం. పదేసి గంటలు ఆగకుండా ఎగిరే విమానానికి ఆ ఒక్క శాతమే టన్నుల కొద్దీ ఇంధనం.

విమానానికి పనికొచ్చినది కారుకు ఎందుకు పనికిరాదు?

లెక్క వేసి చూద్దాం. గాలి సాంద్రత ఘనపు మీటరుకు 1.2 కిలోలు, కారు నిరోధ గుణకం (దాని ఆకృతి గాలికి ఎంత అడ్డుపడుతుందో చెప్పే అంకె) 0.30, ఎదురు వైశాల్యం (ముందు నుంచి చూస్తే కనిపించే వైశాల్యం) 2.2 చదరపు మీటర్లు, వేగం గంటకు 100 కి.మీ. అనుకుంటే గాలి నిరోధం దాదాపు 305 న్యూటన్లు అవుతుంది. ఇందులో ఘర్షణ పదో వంతు, అంటే 30 న్యూటన్లు. కిటికీ అద్దాలకు, చక్రాలకు, కారు అడుగుకు ఫిల్మ్ అతికించలేము కాబట్టి ఘర్షణలో సగం భాగానికే దానిని వర్తింపజేయగలమనుకుందాం. ఆ సగం, అంటే 15 న్యూటన్లలో రిబ్లెట్ 6 శాతం తగ్గిస్తే మనకు దక్కేది ఒక న్యూటన్ కన్నా తక్కువ.

కారును అడ్డుకునేది గాలి ఒక్కటే కాదు. 1,200 కిలోల కారు టైర్లు దొర్లేటప్పుడు పుట్టే నిరోధం సుమారు 118 న్యూటన్లు ఉంటుంది. రెండూ కలిపిన 423 న్యూటన్లలో ఒక్క న్యూటన్ అంటే 0.2 శాతం. లీటరుకు 18 కి.మీ. ఇచ్చే కారు, రిబ్లెట్ ఫిల్మ్‌తో మరో 40 మీటర్లు ఎక్కువ ఇస్తుంది. ఏడాదికి 15,000 కి.మీ. మొత్తం హైవే మీద అదే వేగంతో నడిపినా మిగిలేది రెండు లీటర్ల లోపు పెట్రోలు. ఫిల్మ్ అతికించే ఖర్చు ముందు ఇది లెక్కలోకి రాదు.

ఇదే కారు వేగాన్ని 100 నుంచి 90కి తగ్గిస్తే గాలి నిరోధం 19 శాతం తగ్గుతుంది, అంటే 58 న్యూటన్లు. టైర్లలో గాలి తక్కువై దొర్లుడు నిరోధం 5 శాతం పెరిగితే 6 న్యూటన్ల నష్టం. ప్రతి వారం పెట్రోలు బంకులో గాలి సరిచూసుకునే వ్యక్తి, రిబ్లెట్ ఫిల్మ్ అతికించుకున్న వ్యక్తి కంటే ఎక్కువే ఆదా చేస్తాడు.

గట్ల మధ్య దూరం ఎంత ఉండాలి? ఒకే కొలత అన్ని వేగాలకూ సరిపోతుందా?

సరిపోదు, రిబ్లెట్ల అసలు ఇబ్బంది ఇదే. గట్ల మధ్య సరైన దూరం ఎంతన్నది ఉపరితలం దగ్గరి ఘర్షణ, గాలి స్నిగ్ధత (చిక్కదనం) కలిసి నిర్ణయిస్తాయి. గంటకు 100 కి.మీ. వేగంలో కారుకు అది సుమారు 0.2 మి.మీ., గట్టు ఎత్తు దానిలో సగం, అంటే 0.1 మి.మీ. కారు మీద ప్రైమర్, రంగు, పైపూత అన్నీ కలిపిన మందం కూడా దాదాపు అంతే. అంటే రంగు పొర మొత్తం మందమంత లోతున గాళ్లు తీయాలన్నమాట. హైదరాబాద్ నగరంలో గంటకు 30 కి.మీ. వేగంతో పోయేటప్పుడు ఆ గాళ్లు ప్రవాహానికి మరీ సన్నవై ప్రభావం చూపవు. అప్పుడు గాలి నిరోధం కూడా స్వల్పమే కాబట్టి తగ్గించడానికి పెద్దగా ఏమీ ఉండదు. మరోవైపు, రూపకల్పన చేసిన వేగానికి రెట్టింపు దాటితే రిబ్లెట్లే గరుకుదనంగా మారి నిరోధాన్ని పెంచుతాయి.

గాలి గాళ్లకు సమాంతరంగా వీయాలి. పదిహేను డిగ్రీల దాకా పక్కకు మళ్లినా పెద్ద నష్టం లేదు కానీ, ముప్పై డిగ్రీల దగ్గర లాభం పూర్తిగా పోతుంది. విమానం ఎగిరే ఎత్తులో ప్రవాహ దిశ స్థిరంగా ఉంటుంది. రోడ్డు మీద పక్కగాలి, ఎదురుగా వచ్చే లారీ నెట్టే గాలి, ముందు అద్దం పక్క స్తంభం చుట్టూ మెలితిరిగే ప్రవాహం అన్నీ దిశను మారుస్తూనే ఉంటాయి. ఇక దుమ్ము సంగతి చెప్పనక్కరలేదు. 0.1 మి.మీ. లోతు గాళ్లలో ఎర్రమట్టి దుమ్ము, పురుగుల అవశేషాలు చేరితే వాటిని తుడిచి తీయడం కష్టం, గట్టిగా రుద్దితే గట్ల కొనలు అరిగిపోతాయి. రిబ్లెట్ పనిచేసేదే ఆ పదునైన కొనల వల్ల.

సొరచేపకు అంత మేలు చేసిన చర్మం కారుకు అంత మేలు చేయకపోవడానికి వేరే కారణం ఏమైనా ఉందా?

ఉంది, చాలామంది గమనించని కారణమిది. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో యోహానెస్ ఓఫ్నర్, జార్జ్ లాడర్ 2012లో ప్రచురించిన పరిశోధనలో నిజమైన సొరచేప చర్మాన్ని ఈదే రెక్కల లాంటి పలకలకు అతికించి నీటిలో ఆడించారు. వంగే పలక మీద చర్మం పొలుసులతో ఉన్నప్పుడు, పొలుసులు రుద్ది తీసివేసినప్పటి కంటే ఈత వేగం సగటున 12.3 శాతం ఎక్కువగా ఉంది. వంగని గట్టి పలక మీద ఆ లాభం కనిపించలేదు. చర్మం, ఒంటి కదలిక కలిసి పనిచేస్తున్నాయని దీని అర్థం. కారు ఒళ్లు వంగదు. జంతువు నుంచి ఒక భాగాన్ని విడదీసి తెచ్చుకునేటప్పుడు ఆ భాగం ఏ శరీరంలో, ఏ కదలికలో ఉండేదో చూడకపోతే మనం తెచ్చుకున్నది ఉత్త బొమ్మే.

గోల్ఫ్ బంతి గుంటలు బంతిని దూరం పోనిస్తాయి కదా, కారుకు అవే గుంటలు పెడితే?

గోల్ఫ్ బంతి జంతువు కాకపోయినా ఈ ప్రశ్న తప్పక వస్తుంది. నున్నని బంతి చుట్టూ గోల్ఫ్ వేగాల్లో గాలి పొర ప్రశాంతంగా సాగి, బంతి మధ్య భాగం దగ్గరే విడిపోయి వెనుక పెద్ద సుడి ప్రాంతాన్ని వదులుతుంది. గుంటలు ఆ పొరను అల్లకల్లోలంగా మారుస్తాయి. శక్తి పుంజుకున్న పొర మరికాస్త వెనుక దాకా బంతిని అంటిపెట్టుకుంటుంది, నిరోధం దాదాపు సగానికి పడిపోతుంది. కారు విషయంలో ఆ మార్పు గుంటలు లేకుండానే జరిగిపోతుంది. కారు పొడవు, వేగం వల్ల గాలి పొర బానెట్ మొదట్లోనే అల్లకల్లోలంగా మారుతుంది. పైగా కారు వెనుక గాలి విడిపోయే చోటును పైకప్పు అంచు ముందుగానే నిర్ణయించేస్తుంది.

అమెరికాలో 2009లో ప్రసారమైన మిత్‌బస్టర్స్ టీవీ కార్యక్రమంలో కారు ఒంటికి మందంగా మట్టి పూసి, గుంటలు చెక్కి నడిపితే గాలనుకు 26 మైళ్ల నుంచి 29 మైళ్లకు పెరిగిందని చూపారు. అది ఆసక్తికరమైన ప్రయత్నమే. కానీ మట్టి పూత కారు అంచుల ఆకృతినే మార్చివేస్తుంది, రోడ్డు మీది పరీక్షలో గాలి, ఉష్ణోగ్రత చేతిలో ఉండవు. ఆ ఒక్క ఫలితాన్ని పట్టుకుని కారు ఒంటికి గుంటలు పెట్టుకోవడం తగదు.

తిమింగలం రెక్క మీది బుడిపెల సంగతి ఏమిటి?

హంప్‌బ్యాక్ తిమింగలం రెక్కల ముందు అంచున వరుసగా బుడిపెలు ఉంటాయి. జీవశాస్త్రవేత్త ఫ్రాంక్ ఫిష్, ఆయన సహచరులు 2004లో ప్రచురించిన గాలి సొరంగ (నియంత్రిత వేగంతో గాలిని వీయించే ప్రయోగశాల గొట్టం) పరీక్షలో ఆ బుడిపెలు ఉన్న రెక్క నమూనా, లేనిదాని కంటే ప్రవాహానికి దాదాపు 40 శాతం ఎక్కువ కోణంలో వాలే వరకు ఎత్తే బలం కోల్పోకుండా నిలిచింది. ఇది రెక్కలకు, ఫ్యాన్లకు, గాలిమరలకు పనికొచ్చే సంగతి. కారు ఒంటికి దీనితో నేరుగా పని లేదు.

అయితే ప్రవాహంలో చిన్న సుడులు పుట్టించి, గాలి విడిపోవడాన్ని ఆలస్యం చేయడమనే సూత్రం కార్లలో వాడుకలోనే ఉంది. మిత్సుబిషి ఇంజినీర్లు లాన్సర్ ఎవొల్యూషన్ కారు పైకప్పు వెనుక అంచున చిన్న త్రికోణ రెక్కల వరుస అమర్చి నిరోధ గుణకాన్ని 0.006 తగ్గించారు. గుణకం 0.30 ఉన్న కారుకు ఇది గాలి నిరోధంలో రెండు శాతం, అంటే సుమారు 6 న్యూటన్లు, మన లెక్కలోని రిబ్లెట్ ఇచ్చే దానికి ఆరు రెట్లకు పైనే. ఆ చోట గాలి పొర మందం సుమారు 30 మి.మీ. కాబట్టి రెక్కల ఎత్తు 15 నుంచి 25 మి.మీ. మధ్య ఉండాలని వారు తేల్చారు. అది వెనుక అద్దం మరీ ఏటవాలుగా ఉండి, గాలి అక్కడ విడిపోతున్న సెడాన్‌కే వర్తిస్తుంది. అలంకారం కోసం ఏ కారు మీదైనా అతికించే ప్లాస్టిక్ రెక్కలు నిరోధాన్ని పెంచే అవకాశమే ఎక్కువ.

చేప ఆకారంలో కారు చేశారని విన్నాము. ఫలితం ఎలా ఉంది?

మెర్సిడెస్-బెంజ్ 2005లో బాక్స్‌ఫిష్ అనే పగడపు దిబ్బల చేప ఆకృతితో బయోనిక్ అనే నమూనా కారును ప్రదర్శించింది. చేప నమూనా నిరోధ గుణకం 0.06గా కొలిచారు, నాలుగో వంతు పరిమాణంలో చేసిన మట్టి కారు 0.095 చూపింది. చక్రాలు, అద్దాలు, గాలి దారులు చేర్చి నడిచే కారు చేసేసరికి అది 0.19 అయింది. అప్పటికి అది మెచ్చుకోదగ్గ అంకె. చక్రాలు ఉండటమే కారుకూ చేపకూ తేడా అన్న సంగతి ఈ మూడు అంకెల్లో కనిపిస్తుంది.

కొసమెరుపు ఏమిటంటే, సామ్ వాన్ వాసెన్‌బెర్గ్ బృందం 2015లో ఆ చేప చుట్టూ ప్రవాహాన్ని మళ్లీ పరిశీలించి, దాని ఆకృతి నిరోధం తగ్గించడంలో అంత ప్రత్యేకమైనది కాదని, చటుక్కున మలుపు తిరగడానికే అది అనుకూలమని తేల్చింది. ఆకృతి పేరుతో చేసిన పని మంచి ఫలితాన్నే ఇచ్చింది కానీ, చేప మాత్రం ఆ ఆకృతిని వేరే అవసరం కోసం సంపాదించుకుంది. 2021లో వచ్చిన అదే సంస్థ ఇక్యూఎస్ కారు, ఏ జంతువునూ అనుకరించకుండానే 0.20 గుణకాన్ని అమ్మకానికి తెచ్చింది. చదునైన అడుగు, మూసిన చక్రాలు, నిదానంగా దిగే పైకప్పు, తెగిన వెనుక అంచు అందుకు కారణం.

గుడ్లగూబ, డాల్ఫిన్, తామరాకు?

గుడ్లగూబ రెక్క అంచు కుచ్చులు తగ్గించేది శబ్దాన్ని, నిరోధాన్ని కాదు. ఇంజిన్ మోత లేని విద్యుత్ కార్లలో గాలి శబ్దం ఎక్కువగా వినిపిస్తుంది కాబట్టి వాటిలోని ఫ్యాన్లకు ఈ పాఠం ఉపయోగపడుతుంది. డాల్ఫిన్ చర్మాన్ని పోలిన మెత్తని పూతలపై మాక్స్ క్రేమర్ చేసిన ప్రయోగాలు నీటికి సంబంధించినవి, మెత్తని పూతను కదిలించేంత సాంద్రత గాలికి లేదు. తామరాకు నీటి బొట్టును నిలవనీయదు, కారును శుభ్రంగా ఉంచే పూతలకు అది చాలు.

బస్సులకు, లారీలకు, రైళ్లకు ఇది పనికొస్తుందా?

వాహనం పొడవు పెరిగేకొద్దీ ఘర్షణ వాటా పెరుగుతుంది. అందుచేత వందల మీటర్ల పొడవుండే వేగవంతమైన రైలుకు రిబ్లెట్లు కారు కంటే ఎంతో అర్థవంతం. అది ఎప్పుడూ ఇంచుమించు ఒకే వేగంతో పోతుంది కాబట్టి గాళ్ల కొలత కూడా కుదురుతుంది. లారీలకు మాత్రం క్యాబిన్‌కు, సరుకు పెట్టెకు మధ్య ఖాళీని మూయడం, వెనుక అంచులను లోపలికి వంచడం ముందు చేయవలసిన పనులు.

పరిశోధన ఇప్పుడు ఏ దిశలో సాగితే కారుకు మేలు?

షార్ట్‌ఫిన్ మాకో అనే సొరచేప పక్క భాగంలోని పొలుసులు కదులుతాయి. ప్రవాహం విడిపోయి వెనక్కి తిరగబోయినప్పుడు ఆ పొలుసులు లేచి నిలబడి దానిని అడ్డుకుంటాయని అలబామా విశ్వవిద్యాలయానికి చెందిన ఏమీ లాంగ్ బృందం పరిశోధిస్తోంది. పక్షులు నేల మీద వాలేటప్పుడు రెక్క పైభాగాన చిన్న ఈకలు లేవడం కూడా ఇలాంటిదే. బెకెర్ట్ బృందం ఆ సూత్రంతో కదిలే పట్టీలను గ్లైడర్ (ఇంజిన్ బలం లేకుండా తేలిపోయే విమానం) రెక్క మీద పరీక్షించింది. ఇవి ఘర్షణ జోలికి పోకుండా ప్రవాహం విడిపోవడాన్ని సరిదిద్దుతాయి. కారు నష్టపోతున్నదే అక్కడ కాబట్టి, జంతువుల నుంచి కారుకు ఏదైనా పాఠం వస్తే ఈ దారినే వస్తుందని మా నమ్మకం.

ఎవరైనా అమ్మే ఫిల్మ్ లేదా స్టిక్కర్ పనిచేస్తుందో లేదో ఎలా తెలుసుకోవాలి?

మైలేజీ మీటరు చూసి తేల్చకండి. ఔటర్ రింగ్ రోడ్డు మీద డిసెంబరు తెల్లవారుజామున 15 డిగ్రీలు, మే మధ్యాహ్నం 42 డిగ్రీలు ఉన్నాయనుకుందాం. ఉష్ణోగ్రత తేడా వల్లే గాలి సాంద్రత, దానితో పాటు గాలి నిరోధం సుమారు 8.5 శాతం మారిపోతాయి. రెండు మూడు శాతం లాభం చూపించామని చెప్పే ప్రకటన ఆ మార్పులోనే కొట్టుకుపోతుంది.

అమ్మేవారిని మూడు విషయాలు అడగండి. ఆ శాతం ఘర్షణలోనా, మొత్తం గాలి నిరోధంలోనా, ఇంధనంలోనా? పరీక్ష పూర్తి పరిమాణపు కారుతో గాలి సొరంగంలో జరిగిందా, లేక చదునైన పలక మీద జరిగిందా? ఏ వేగంలో? రోడ్డు పరీక్షే అయితే, గేరు న్యూట్రల్‌లో పెట్టి కారును దానంతట అది నెమ్మదించనిచ్చి, వేగం తగ్గడానికి పట్టిన కాలాన్ని కొలిచే పద్ధతి పాటించారా అని అడగండి. ఆ పరీక్ష ట్రాఫిక్ లేని సమతలపు దారిలో, గాలి వీయని వేళ, టైర్లు వేడెక్కిన తరువాత, రెండు దిశల్లోనూ పలుమార్లు జరగాలి. ఫిల్మ్ ఉన్నప్పుడూ తీసినప్పుడూ కొలిచిన అంకెలను ఒకే రోజు, ఒకే కారు మీద, టైర్లలో ఒకే పీడనంతో సేకరించి ఉండాలి.